రేకుల కప్పు కింద

అరకు,
1953, ఆషాఢ మాసం.

పూజ్యులు కనకమహాలక్ష్మి వదినగారికి, మీ మరదలు నీలవేణి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. మీరు పంపిన వడియాలు అందాయి. అత్తయ్య ఒకటి వేయించి రుచి చూసి, "కనకానికి సెయ్యి తిరిగింది, ఇక్కడున్నప్పుడు ఉప్పెయ్యడం మరిసిపోయీది" అన్నారు.

మీరు నన్ను పెళ్ళిలో చూడటమే. నాకు మాట్లాడటం రాదని అప్పుడే మీకు తెలిసిపోయి ఉంటుంది. ఐదో తరగతి దాకా చదివాను కనుక రాయడం మాత్రం కొంచెం వచ్చు. "అక్కకు ఈసారి నువ్వే రాయి" అని మీ తమ్ముడుగారు కాగితం ఇచ్చి, పక్కనే నిలబడ్డారు. అందుకే అక్షరాలు వంకరపోతున్నాయి.

ఇల్లు బాగుంది. మా పెళ్ళికని పాత గడ్డి కప్పు తీయించి వేసిన రేకులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. శుక్రవారం సంతకు కొండ దిగి వచ్చేవాళ్ళు దూరం నుంచే చూసి "రేకుల సావుకారిల్లు" అంటారు. వాన పడితే ఆ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడదు. నాకు అదే సుఖం, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

పొద్దు వాలగానే అత్తయ్య తలుపులన్నీ వేసి, పిడకల నిప్పు మీద వేపాకు వేసి ఇల్లంతా పొగ పెడతారు. చలిగాలి రాకుండా గోడకూ రేకులకూ మధ్య సందుల్లో గడ్డీ మట్టీ కూరారు. నడిమింటి కిటికీని మట్టితో మూసేశారు. ప్రతి అమావాస్యకూ అత్తయ్య దాని మీద కొత్త మట్టి పూస్తారు. ఎందుకని నేను అడగలేదు.

ఒక్క సంగతి. మా పక్కింటావిడకు వంటింట్లో కూర్చుంటే ఆయాసం వస్తోంది. పడుకుంటే గొంతులో పిల్లికూతలు. మీకు తెలిసిన మందేదైనా ఉంటే రాయండి. పాపం, ఆవిడకు చెప్పుకునే దిక్కు లేదు.

మీ మరదలు,
నీలవేణి.

&nbsp;

విజయనగరం,
శ్రావణ మాసం.

మరదలా నీలవేణీ,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించి ఇద్దరం నవ్వుకున్నాం. నేను పుట్టి పెరిగిన ఇల్లమ్మా అది. ఒక పక్క పారే గెడ్డ, ఇంకో పక్క పసుపు మడి, ముందు సంత దిబ్బ. మన ఇంటికి పక్కిల్లు ఎక్కడిది? నువ్వు వెళ్ళాక కట్టించావా?

ఆ పక్కింటావిడకు చెప్పు. వామూ సాంబ్రాణీ కలిపి నిప్పుల మీద వేసి, దుప్పటి ముసుగు పెట్టుకుని ఆ పొగ బాగా పీల్చమను. తలుపు గట్టిగా వేసుకోమను, పొగ బయటికి పోతే గుణం ఉండదు. ఇక్కడ మా అత్తగారికి నయమైంది దానితోనే.

ఇంటి పొగవల్ల ఆయాసం వచ్చిందని మాత్రం అనకు. ఆ పొగలోనే నేను పెరిగాను, మీ ఆయన వరహాలు పెరిగాడు. మాకేమీ కాలేదు. మన్యంలో మనలాంటి పల్లపు వాళ్ళని బతికించేదే పొగ.

కిటికీ సంగతి నీకెవరూ చెప్పలేదన్నమాట. మాకు ఇంకో తమ్ముడుండేవాడు, ఆది. తొమ్మిదేళ్ళవాడు. ఉక్కగా ఉందని నడిమింటి కిటికీ తెరుచుకుని దాని కింద పడుకునేవాడు. ఆ యేడు మన్యం జ్వరం వచ్చి పోయాడు. దినం వెళ్ళిన మర్నాడు అమ్మ గెడ్డలో దిగి తట్టతో మట్టి తెచ్చి, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే ఆ కిటికీ మూసింది. దాని జోలికి వెళ్ళకు. నీ ఆయాసం సంగతి కూడా ఆమెకు తెలియనివ్వకు. ఇంట్లో జబ్బు అన్న మాట వింటే ఆమె ఆమెలా ఉండదు.

వదిన,
కనకం.

&nbsp;

అరకు,
భాద్రపద మాసం.

వదినగారికి నమస్కారాలు.

పక్కింటావిడను నేనే. క్షమించండి.

మీరు చెప్పినట్టే చేశాను. వాము, సాంబ్రాణి వేసుకుని, తలుపు గడియ పెట్టుకుని ముసుగు వేసుకున్నాను. మొదట హాయిగా వాసన వచ్చింది. తరువాత ఊపిరి లోపలికి వెళ్ళింది గాని బయటికి రాలేదు. గడియ ఎలా తీశానో గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి తల అత్తయ్య ఒళ్ళో ఉంది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అత్తయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆరోజు నుంచి నన్ను పసిపిల్లలా చూస్తున్నారు. పగలు వంటింట్లో పొయ్యి దగ్గర, రాత్రి నడిమింట్లో మూసిన కిటికీ పక్కన. గాలి తగలకూడదని మంచం కింద బొగ్గుల కుంపటి పెడతారు. దాని మీద గంటకో గుప్పెడు వేపాకు. చింతపండు బుట్టలూ, ఎండుమిరప బస్తాలూ, నేనూ ఒకే గదిలో. నేను దగ్గితే ఇంకో గుప్పెడు వేస్తారు.

ఒకసారి ధైర్యం చేసి, "అత్తయ్యా, కళ్ళు మండుతున్నాయి" అన్నాను.

"కళ్ళు మండితే మండనీ. పేనం ఉండాల. గమ్మున పడుకో."

"కొంచెంసేపు అరుగు మీద కూర్చుంటాను."

"ఏటే, అరుగు మీదా? ఈ మంచులోనా? నిన్ను సంపీసినానని మీ అయ్య నా మీద పడాలనేటి?"

అని కాళ్ళకు వేడినూనె రాశారు. అంత ప్రేమగా రాస్తుంటే ఇంకేమని అడగను? మీ తమ్ముడుగారు గుమ్మంలో నిలబడి చూస్తారు. మాట్లాడరు. ఈ ఇంట్లో మాట్లాడనిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను గాని, మాకు జత బాగానే కుదిరింది.

ఈ ఉత్తరం ఆయనకు చూపించలేదు. పసుపు కొనడానికి వచ్చిన శృంగవరపుకోట షావుకారు గారి భార్యకు ఇచ్చి పంపుతున్నాను.

నీలవేణి.

&nbsp;

విజయనగరం,
భాద్రపద బహుళం.

నీలవేణికి,

అందరం క్షేమం. నీ ఉత్తరం చేరింది. కొన్ని అడుగుతాను, సరిగ్గా జవాబు రాయి. మీ అమ్మకుగాని అమ్మమ్మకుగాని ఉబ్బసం ఉందా? మీ నాన్నగారి వైపు ఎవరైనా దగ్గుతో పోయారా? పెళ్ళికి ముందు నీకెప్పుడైనా ఇలా వచ్చిందా? నీ చెల్లెలికి ఎలా ఉంటుంది?

దాచకుండా రాయి.

కనకమహాలక్ష్మి.

&nbsp;

అరకు,
ఆశ్వయుజ మాసం.

వదినగారికి,

మీ ఉత్తరంలో "మరదలా" లేదు. చాలాసార్లు వెతికాను.

మా అమ్మకు లేదు. అమ్మమ్మ బతికే ఉంది, ఇప్పటికీ వరి దంచుతుంది. నాన్న వైపు దగ్గుతో ఎవరూ పోలేదు. పెళ్ళికి ముందు నాకు ఎప్పుడూ రాలేదు. మా ఊళ్ళో వంట పంచలో, పడక వాకిట్లో. మా చెల్లెలు పైడితల్లి అరిస్తే పక్క ఊరికి వినబడుతుంది. దానికి సాలూరు సంబంధం ఖాయమయ్యేలా ఉంది, మాఘంలో ముహూర్తం అంటున్నారు.

ఈ ప్రశ్నలు మీవి కావని నాకు తెలుసు. ఎవరో అడగమంటే అడిగారు. అడిగింది ఎవరైనా ఒక్కటి చెప్పండి. ఉబ్బసం మనిషినని నన్ను పుట్టింటికి పంపితే, జబ్బు దాచి పిల్లను అంటగట్టారన్న మాట మా నాన్నకు వస్తుంది. పైడితల్లి సంబంధం ఆ మర్నాడే పోతుంది. ఇక్కడుంటే నాకు ఊపిరి ఆడదు. వెళితే దానికి పెళ్ళి కాదు. ఎటూ తోచడం లేదు. దయచేసి నేను బాగానే ఉన్నానని రాయండి. నేను ఇంకా గట్టిగా నోరు మూసుకుని దగ్గుతాను.

నీలవేణి.

&nbsp;

విజయనగరం,
దీపావళి ముందు.

మరదలా,

పోయినసారి ఈ పిలుపు రాయనందుకు నాలుగు రోజులుగా అన్నం సహించలేదు.

అడగమన్నది అమ్మ. ఆమెకు రాయడం రాదు కదా, ఉత్తరం వరహాలు చేత రాయించింది. మీ పుట్టింట్లో ఉబ్బసం ఉందేమో చుట్టుపక్కల నెమ్మదిగా విచారించమని, దీపావళి వెళ్ళాక మంచిరోజు చూసి నిన్ను మీ ఊళ్ళో దిగబెడతామని, ఆరోగ్యం కుదిరితే మళ్ళీ చూద్దామని ఉంది. వాడి చేతిరాతే. ఒక్క అక్షరం కూడా వణకలేదు. నీకు చెప్పకూడదనుకున్నాను. కాని నీ చెల్లెలి సంగతి చదివాక, నీ కళ్ళకు గంతలు కట్టి బండెక్కించడానికి నాకు మనసొప్పలేదు.

అమ్మ చెడ్డది కాదు. ఆ ఇంట్లో ఇంకొకరు తన కళ్ళముందు పోతారేమోనన్న భయం. నువ్వు ఎక్కడైనా సరే, బతికి ఉంటే చాలనుకుంటోంది. ఆ తరువాత నీకేమవుతుందన్నది ఆమెకు తట్టదు.

నేను మీ ఊళ్ళో ఎవరినీ అడగలేదు, అడగను. కాని నాకు ఒకటి అంతు పట్టడం లేదు. అదే ఇల్లు, అదే పొయ్యి, అదే వేపాకు. కిటికీ మూసి ఇన్నేళ్ళయింది. పొగ చేసే చేటే అయితే మాకెందుకు రాలేదు? నువ్వు ఏమైనా కనిపెట్టి రాయి. ఎప్పుడు ఎక్కువవుతోంది, ఎప్పుడు తగ్గుతోంది?

నీ వదిన,
కనకం.

&nbsp;

అరకు,
కార్తీక మాసం.

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పడమే మేలైంది. ఆయన చేతిరాత అన్నచోట కాసేపు చదవలేకపోయాను. ఆయనతో ఏమీ అనలేదు. అన్నం వడ్డిస్తూనే ఉన్నాను.

ఇక్కడ తుఫాను గాలి పట్టింది. ఘాటీలో బండలు పడి బస్సు ఆగిపోయింది. లేకపోతే ఈపాటికి నేను మా ఊళ్ళో ఉండేదాన్ని. టపా మాత్రం మనిషి నడిచి తెస్తున్నాడు.

ఆ గాలికి వంటింటి మీద రేకు ఒకటి మేకులు ఊడి వెనక్కి మడత పడింది. పొయ్యికి సరిగ్గా పైన. అత్తయ్య గోల పెట్టారు. వాన వెలిశాక చూస్తే ఆ సందులోంచి ఆకాశం కనిపించింది. ఆరోజు పొయ్యి ముట్టించాను. పచ్చి కట్టెలు, పొగ ఎప్పటిలాగే లేచింది. లేచి, ఎప్పటిలా కిందికి తిరగలేదు. తాడు పట్టి లాగినట్టు పైకి వెళ్ళిపోయింది. అన్నం వార్చేదాకా నేను ఒక్కసారీ దగ్గలేదు. సాయంత్రం వేపాకు పొగ కూడా నడిమింట్లోంచి అటే వెళ్ళింది. రాత్రి పిల్లికూతలు లేవు. తెల్లారి లేచి, నాకేదో పోయినట్టు గొంతు తడుముకున్నాను.

అప్పటినుంచి రోజూ ఇంతే. ఆ సందు ఉంది, ఆయాసం లేదు.

వదినగారూ, మీ ప్రశ్నకు జవాబు ఇదేనేమో. మీరున్నప్పుడు పైన గడ్డి. నేను వచ్చేటప్పటికి రేకులు. గడ్డిలోంచి పొగ పోతుంది, రేకులోంచి పోదు. పైగా సందులన్నీ మట్టితో కూరేశాం. మీరు చిన్నప్పుడు బయట నిలబడి చూస్తే కప్పు మీద పొగ కనిపించేదా? గుర్తు తెచ్చుకుని బేగి రాయండి. శుక్రవారం సంత అయ్యాక గాసి వచ్చి రేకు బిగిస్తాడట. గాసి అంటే మనకు కర్రలు కొట్టి తెచ్చే కొండ మనిషి. ఆ తరువాత బస్సు కూడా నడుస్తుంది.

నీలవేణి.

&nbsp;

విజయనగరం,
కార్తీక మాసం.

మరదలా,

కనిపించేదా అని అడుగుతావా! కప్పంతా ఆవిరి కక్కేది, ఇప్పుడే అన్నం వార్చిన కుండలా. మొదటిసారి మా ఇంటికి వచ్చిన అటవీ శాఖ గుమాస్తా ఒకాయన ఇల్లు అంటుకుందని బిందె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్ళూ నా కళ్ళముందే ఉన్నదాన్ని నేను చూడలేదు. పైగా నీకు సాంబ్రాణి పట్టమని రాశాను!

రేకు బిగించనివ్వకు. వరహాలుకు విడిగా రాస్తున్నాను. అమ్మతో నువ్వు మాట్లాడకు, నేను వచ్చి చెబుతాను. ఘాటీ దారి తెరవగానే బయల్దేరతాను.

కనకం.

&nbsp;

అరకు,
కార్తీక బహుళం.

వదినగారికి,

మీ ఉత్తరం అందేసరికి గాసి వచ్చి వెళ్ళాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. గాసి నిచ్చెన వేసి ఎక్కి, మేకులు నోట్లో పెట్టుకున్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఒక మేకు దిగింది. రెండోది పెడుతుంటే నా నోట్లోంచి "వద్దు" అని వచ్చింది. అది నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. తరువాత అరిచాను. నాకు అంత గొంతు ఉందని నాకు తెలియదు.

అత్తయ్య కొట్లోంచి పరుగెత్తుకొచ్చారు. వెనకాలే మీ తమ్ముడుగారు.

"ఏటే! ఏటయింది? నిప్పంటుకుందా?"

"రేకు వెయ్యొద్దత్తయ్యా. ఆ సందులోంచి పొగ పోతోంది. నాకు ఊపిరి ఆడుతోంది."

"పొగ పోతాది. జరం రాదేటి? నా గుంటణ్ణి అట్టుకుపోయింది గాలి కాదేటి?"

పైనుంచి గాసి మేకులు చేతిలోకి తీసుకుని నవ్వాడు. "సావుకారమ్మా, మీ ఇంట్లోకి ఎళ్ళింది ఏదీ బయటికి రాదు కదా. పొగేనా పోనీ!"

"నోర్ముయ్యిరా! కూలి తక్కువిచ్చినాననేటి నీ ఏడుపు?"

 పీట తెచ్చి పొయ్యి దగ్గర వేశాను. అత్తయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆమె చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదలు. రేకు ముయ్యమని గాసికి చేత్తో చూపించాను. మూశాడు. కట్టెలు ఎగదోశాను. కాసేపట్లోనే పొగ కిందికి దిగింది. అత్తయ్య దగ్గారు. "ముసిలి దగ్గులే" అన్నారు. ఇంకా దగ్గారు. నాకు గొంతులో కూత మొదలైంది. ఆమె నా ముఖం వైపే చూస్తున్నారు. మీ తమ్ముడుగారు గుమ్మంలోంచి గట్టిగా, "తియ్యరా గాసీ, తియ్యి!" అన్నారు. ఆయన గొంతు కూడా అంత పెద్దదని నాకు తెలియదు.

రేకు జరగ్గానే పొగ పైకి లేచింది. అత్తయ్య తల ఎత్తి దాని వెంటే చూశారు.

"గడ్డి ఉన్నప్పుడు ఇలాగే పోయేదా అత్తయ్యా?"

 పొంగు వచ్చి కుండ మూత ఎగురుతున్నా పట్టించుకోలేదు.

"గడ్డిమీంచి లెగిసీది" అన్నారు చివరికి. "గెడ్డకాడ ఆడుకుంటా సూసీవోడు ఆది. అమ్మ కూడొండీసింది అని పరిగెట్టుకొచ్చీవోడు. అది కానొస్తే సాలు, పిలవక్కర్నేదు."

గాసి పైనుంచి, "ఏటి సెయ్యమంటారు?" అన్నాడు.

అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుని లేచారు. "పొగ పైకి ఎళ్తే ఎళ్ళనీ. గాలి పక్కనించి రాకూడదు. అంతే. మరి వానొస్తే కూడు తడిసిపోదేటి?"

 మీ తమ్ముడుగారు కొట్లోకి వెళ్ళి ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి తెచ్చి, రెండు పక్కలా కోసి, గొడుగులా విప్పి గాసికి అందించారు. సందు మీద జానెడు ఎత్తున దాన్ని నిలబెట్టారు. మీరు ఆయనకు విడిగా రాసిన ఉత్తరం అప్పటికి అందలేదు, వదినగారూ. అది నేను లెక్కలో పెట్టుకున్నాను. ఆ చేతిరాత సంగతి కూడా మరిచిపోలేదు.

మంచం కింద కుంపటి పోయింది. సాయంత్రం వేపాకు పొగ మాత్రం ఉంది. కిటికీ మూసే ఉంది. అమావాస్యకు అత్తయ్య మళ్ళీ మట్టి పూశారు. ఈసారి మట్టి నేను కలిపి ఇచ్చాను.

బస్సు నడుస్తోంది. నా ప్రయాణం గురించి ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. బట్టల మూట కట్టినది కట్టినట్టే ఉంది.

నీలవేణి.

&nbsp;

అరకు,
మార్గశిర మాసం.

అత్తయ్య చెబుతుండగా నీలవేణి రాస్తున్నది. చెప్పినది చెప్పినట్టే రాయమన్నారు, కనుక వదినగారికి నా నమస్కారాలు ఇందులో లేవు.

కనకం! నాను బాగున్నాను. నీ తమ్ముడు బాగున్నాడు. కొత్త పసుపు దిగతంది. నువ్వు వొత్తానని రాసినావు, రా. గాని నాకు బుద్ది సెప్పడానికైతే రాకు. మొన్న వరహాలు సేత ఒక సంగతి రాయించినాను సూడు, అది మరిసిపో. నీ మరదలు గుంట ఊళ్ళో ఎవుల్నీ ఏటీ అడగొద్దు. అడిగీసుంటే, ఊరికే అడిగినానని సెప్పు. ఈ గుంట ఎక్కడికీ ఎళ్ళదు. మాగంలో దీని సెల్లి పెళ్ళికి మేవే తీసుకెళ్తాం, తీసుకొత్తాం.

ఇక్కడ అత్తయ్య ఆగి నా వైపు చూశారు. "ఏ సంగతని అడగవేటే?" అన్నారు. నేను కలం సిరాలో ముంచుకున్నాను. "ఇది రాసీకు" అన్నారు. అప్పటికే రాసేశాను.

రేకుకి కన్నం ఎట్టినాం. సంతకొచ్చినోళ్ళంతా సావుకారిల్లు పొగ వొదిల్తందని నవ్వతన్నారు. నవ్వనీ. దీనికి ఆయాసం

అని ఆగి, వాకిట్లో మేక పసుపు మీద పడిందని లేచి వెళ్ళారు. తిరిగి వచ్చి అంతా చదవమన్నారు. చదివాను. "దీనికి ఆయాసం లేదు" అని ముగించాను.

"నేదని నాను సెప్పినానేటి?" అన్నారు. "రాత్రి దగ్గినావు, నాను ఇన్నాను. అబద్దం నాకొద్దు. తగ్గిందని రాయి."

లేదు అన్నది కొట్టేసి, తగ్గింది అని రాశాను.